గొంతు పెంచొద్దు

"వారం రోజులు టైమిస్తున్నాను," అన్నాడు బస్టాండు మేనేజరు సౌండు మెకానిక్కుతో, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుంటూ. "వారంలో మీ మిషను చెప్పిన మాట వింటే సరే. లేదంటే రికార్డు చేసిన గొంతు పెట్టేస్తాం. ఆవిణ్ణి పాసుల కౌంటరుకి పంపించేస్తాం."

ఆవిడ అంటే మేడమీద అద్దాల గదిలో కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పే అనౌన్సరు. ముప్పై ఏళ్లుగా ఆమెది అదే గది, అదే బల్ల. మైకులు రెండుసార్లు మారాయి గానీ గొంతు మారలేదు. అలాంటిది ఆరు నెలల కిందట ఆ గొంతు బొంగురుపోవడం మొదలుపెట్టింది. మొదట జలుబనుకుంది. వేడినీళ్లు తాగింది, ఆవిరి పట్టింది, మెడకి మఫ్లరు చుట్టుకుంది. చివరికి డాక్టరు సన్నటి గొట్టం దించి చూసి, గొంతులో కాయలు కాశాయని చెప్పాడు. పనిచేసేవాళ్ల చేతులకి కాసినట్టే, ఏళ్ల తరబడి గట్టిగా మాట్లాడేవాళ్ల గొంతుకీ కాస్తాయట. "ఇకమీదట మామూలుగా మాట్లాడండి. గొంతు పెంచారంటే ఉన్నది కూడా పోతుంది," అన్నాడాయన.

మామూలుగా మాట్లాడితే బస్టాండులో ఎవరికి వినిపిస్తుంది? అందుకే ఈ మిషను తెప్పించారు.

దాన్ని బిగించడానికి వచ్చిన సౌండు మెకానిక్కుకి ముప్పై నాలుగేళ్లు. పొట్టి మనిషి. చెవి వెనక పెన్సిలు, వీపు మీద దాదాపు తనంత బరువున్న సంచీ. నిచ్చెన తనే మోసుకొచ్చి, తనే ఎక్కి, తనే దిగింది. వచ్చిన గంటలోపే బస్టాండు ఊడ్చే ఆవిడ ఆమెకి 'సౌండమ్మాయి' అని పేరు పెట్టేసింది. సాయంత్రానికల్లా డ్రైవర్లూ కండక్టర్లూ అందరికీ అదే పేరు నోటికెక్కింది.

మిషను చేసే పని చెప్పడానికి తేలికే. పైకప్పుకి ఒక చిన్న మైకు వేలాడదీస్తారు. ఎవరేం మాట్లాడుతున్నారో దానికి అక్కర్లేదు, గోల ఎంతుందో మాత్రం కొలుస్తుంది. జనం పెరిగి గోల పెరిగితే స్పీకర్ల శబ్దం దానంతటదే పెరుగుతుంది. జనం పలచబడితే అదే తగ్గుతుంది. మైకు ముందు కూర్చున్న మనిషి ఎప్పుడూ ఒకే తీరుగా మాట్లాడితే చాలు.

చెప్పడం తేలికే గానీ, మొదటి రోజే అది సౌండమ్మాయి పరువు తీసింది. పొద్దున పదకొండున్నరకి హాల్లో పట్టుమని యాభై మంది కూడా లేరు. అనౌన్సరు "తొమ్మిదో నంబరు బస్సు" అని మొదలుపెట్టింది. "తొమ్మిదో" అన్న మాట మామూలుగానే వచ్చింది. "నంబరు" దగ్గర కొంచెం పెరిగింది. "బస్సు" అనేసరికి స్పీకర్లు గర్జించాయి. బెంచీ మీద కునుకు తీస్తున్న పెద్దమనిషి సంచీతో సహా లేచి నిలబడ్డాడు. టీ కొట్టువాడు చేతిలో ఉన్న గ్లాసు వదిలేశాడు. మేనేజరు రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని బయటికి వచ్చాడు.

"అమ్మా సౌండూ! బస్సులు కూడా బెదిరి వెనక్కి పోతున్నాయే!" అంది ఊడ్చే ఆవిడ.

సౌండమ్మాయి మెయిన్ స్విచ్చి కట్టేసి, ఇనుప మెట్లు రెండేసి చొప్పున ఎక్కి అద్దాల గదిలోకి పరుగెత్తింది. లోపల అనౌన్సరు పొట్ట పట్టుకుని నవ్వుతోంది. శబ్దం లేని నవ్వు. డాక్టరు గట్టిగా నవ్వొద్దని కూడా చెప్పాడేమో.

"ఏమ్మా, మీ మిషనుకి నా మీదేమన్నా కోపమా?" అంది ఆ బొంగురు గొంతుతోనే.

"కోపం కాదు మేడమ్. స్పీకర్లోంచి వచ్చే మీ మాట అదే విని, జనం గోల అనుకుంటోంది. గోల అనుకుని శబ్దం పెంచుతోంది. పెంచాక, అమ్మో గోల ఇంకా పెరిగిందే అని మళ్లీ పెంచుతోంది."

"అర్థమైంది. మా ఆడపడుచు టైపు."

సౌండమ్మాయికి కూడా నవ్వొచ్చింది. తన తప్పు తనకి తెలిసిపోయింది. అనౌన్స్‌మెంటు నడుస్తున్నంతసేపు మిషను గోల కొలవడం ఆపేయాలి. మాటకీ మాటకీ మధ్య ఖాళీలోనే కొలవాలి. పైగా తను మైకు వేలాడదీసిన చోటు కూడా సరైంది కాదు. కింద టీ కొట్టు బాయిలరు బుస్సుమన్నప్పుడల్లా మిషను హాలు నిండిపోయిందనుకుంటోంది.

"మేడమ్, ఇక్కడ ఎప్పుడెప్పుడు గోల ఎక్కువుంటుందో చెప్తారా?"

"మేడమ్ ఏంటి? నా ఈడు వాళ్లని మీ ఇంట్లో ఏమని పిలుస్తావు?"

"పిన్ని అంటాం."

"మరి అదే అను. ఇంద, రాసుకో." ఆమె అద్దంలోంచి కిందికి చూస్తూ, వేలితో చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టింది. పొద్దున ఏడుకి చెప్పుల చప్పుడే తప్ప మాటలుండవు, అందరిదీ ఉరుకులు పరుగులే. తొమ్మిదికి మాటలు మొదలవుతాయి. పదకొండుకి ఆసుపత్రికి వెళ్లొచ్చేవాళ్లు, వాళ్లు మెల్లగా మాట్లాడుకుంటారు. నాలుగింటికి స్కూళ్లు వదిలాక ఇక చెప్పక్కర్లేదు. నాలుగో ప్లాట్‌ఫారం దగ్గర గోడ ఉంది, అక్కడ మాట తిరిగొచ్చి రెండుసార్లు వినిపిస్తుంది. ఆరో ప్లాట్‌ఫారం చివర రేకుల కింద అసలు వినిపించదు. ముప్పై ఏళ్లుగా మేడమీదే కూర్చున్న మనిషికి హాల్లోని ప్రతి మూలా తెలుసు.

సౌండమ్మాయి నాలుగు కాగితాలు నింపింది. ఇన్ని చోట్ల పని చేసింది గానీ, కొలతలు తీయకముందే కొలతలు చెప్పిన మనిషి ఇప్పటిదాకా ఆమెకి తగల్లేదు.

రెండో రోజు మైకుని టీ కొట్టు మీదనుంచి తీసి మూడో, నాలుగో ప్లాట్‌ఫారాల మధ్య దూలానికి కట్టింది. శబ్దం గబుక్కున పెరగకుండా, నెమ్మదిగా పెరిగి అంతకంటే నెమ్మదిగా తగ్గేలా పెట్టింది. దాంతో ఎవరో ట్రంకుపెట్టె దబ్బున కింద పడేసినా మిషను కంగారుపడటం మానేసింది. ఎంత గోలున్నా ఇంతకు మించి పెరగకూడదని పైన ఒక హద్దు కూడా గీసింది. బాగానే పనిచేసింది. ఇక చిక్కల్లా పిన్నిగారితోనే.

జనం పెరగ్గానే ఆమె గొంతు కూడా పెరిగిపోతోంది. ఆమెకి తెలియకుండానే. అటు మిషనూ పెంచుతోంది, ఇటు ఈవిడా పెంచుతోంది.

"పిన్నిగారూ, గొంతు పెంచొద్దు. అది దాని పని."

"నేనెక్కడ పెంచాను?"

"ఇదిగో, ఇప్పుడు కూడా పెంచారు."

ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఏం చేయను అమ్మాయీ! కింద మూగిన జనాన్ని చూస్తే గొంతు దానంతటదే లేస్తుంది. ముప్పై ఏళ్ల అలవాటు. మెల్లగా మాట్లాడితే ఎవరికో బస్సు తప్పిపోతుందని భయం."

సౌండమ్మాయి కాసేపు ఆలోచించి, సంచీలోంచి హెడ్‌ఫోన్లు తీసి ఆమెకి పెట్టింది. మైకులో మాట్లాడిన మాట ఆమె చెవిలోనే కొంచెం గట్టిగా వినిపించేలా తీగ కలిపింది. ఆమె "పన్నెండో నంబరు" అనబోయి ఉలిక్కిపడింది. తన గొంతు తనకే పెద్దగా వినిపించేసరికి చప్పున తగ్గించింది. అలా తగ్గించిన మాటే కింద హాలంతా నిండుగా పరుచుకుంది. నాలుగున్నర వేళ, స్కూలు పిల్లల గోల మధ్యలో, పక్క మనిషితో చెప్పినట్టు చెప్పిన మాటకి పన్నెండో నంబరు బస్సువాళ్లు బ్యాగులందుకుని కదిలారు.

పిన్నిగారు అద్దానికి చేతులానించి కిందికి చూస్తూ ఉండిపోయింది. "విన్నారే!" అంది.

మూడో రోజు సాయంత్రం జరిగిందొకటి ఉంది.

మిషనుకి అన్నిటికంటే ముఖ్యమైన లెక్క, స్పీకర్లు మోగకుండా హాల్లో ఉండే అసలు గోల. దానికోసం నాలుగున్నర నుంచి ఐదుదాకా స్పీకర్లు పూర్తిగా కట్టేసింది సౌండమ్మాయి. ఆ అరగంటా కండక్టర్లే బస్సుల దగ్గర నిలబడి నోటితో పిలుచుకోవాలని మేనేజరుతో మాట్లాడి ఒప్పించింది. పైన పిన్నిగారికి కూడా సెలవే. గోల కొలిచే చిన్న పరికరం చేత్తో పట్టుకుని బెంచీ బెంచీకీ తిరుగుతూ అంకెలు రాసుకుంటోంది.

అలా తిరుగుతూ ఆరో ప్లాట్‌ఫారం చివరి బెంచీ దగ్గరికి వచ్చింది. అక్కడొక పెద్దాయన కూర్చున్నాడు. అరవై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తెల్లజుట్టు, ఒళ్లో మడత పెట్టిన గొడుగు. మొన్నా నిన్నా కూడా ఆయన్ని అదే చోట చూసినట్టు గుర్తొచ్చింది. ఆమె చేతిలో పరికరం చూసి ఆయనే పలకరించాడు.

"సౌండు చూస్తున్నావా అమ్మా? ఇక్కడికి భేషుగ్గా వినిపిస్తోంది. ఇప్పుడే చెప్పింది, మూడో ప్లాట్‌ఫారం అని. ఒక్క అక్షరం పొల్లుపోలేదు."

సౌండమ్మాయి పెన్సిలు ఆగిపోయింది. మూడో ప్లాట్‌ఫారం మీదికి నిజంగానే బస్సొచ్చింది. కండక్టరు అక్కడ ఏదో అరిచాడు, జనం లేచారు. కానీ స్పీకర్లు కట్టేసి అప్పటికి ఇరవై నిమిషాలైంది. ఆమె నాలుగడుగులు ముందుకేసి, రేకుల కిందనుంచి బయటికొచ్చి అద్దాల గది వైపు చూసింది. అక్కడ పిన్నిగారు తీరిగ్గా వేడినీళ్లు తాగుతోంది.

"బాబాయిగారూ, స్పీకర్లు కట్టేసి ఉన్నాయండీ," అంది.

"ఆహా, అవునవును," అన్నాడాయన చిరునవ్వుతో, ఆమె పెదవుల వైపు చూస్తూ.

ఆ చూపు సౌండమ్మాయికి బాగా తెలుసు. వాళ్ల నాన్న బట్టల మిల్లులో మగ్గాల మధ్య ఇరవై రెండేళ్లు పనిచేశాడు. చివరి నాలుగేళ్లూ ఇంట్లో ఎవరేమన్నా పెదవుల వైపు చూసి తలూపేవాడు. వయసు మీద పడి పట్టనట్టుంటున్నాడని అందరూ అనుకున్నారు. ఆమె కూడా అనుకుంది. చెవుల సంగతి తెలిసేసరికి ఆయనతో చెప్పుకోవడానికి ఎక్కువ రోజులు మిగల్లేదు. ఆ తరవాతే ఆమె ఈ పని నేర్చుకుంది.

ఆమె బెంచీ మీద ఆయన పక్కన కూర్చుని, ఆయనకి ముఖం కనిపించేలా తిరిగి, ఒక్కో మాటా విడదీసి అంది. "స్పీకర్లు. ఇరవై నిమిషాలుగా. మోగడం లేదు."

ఆయన చిరునవ్వు మెల్లగా ఆరిపోయింది. గొడుగు పిడిని ఇటూ అటూ తిప్పాడు.

"పైన ఉన్నావిడ మా ఆవిడమ్మా," అన్నాడు. "ఆవిడకి చెప్పకు."

ఆయన మొన్న మొన్నటిదాకా ఈ బస్టాండులోనే డ్రైవరు. ముప్పై ఆరేళ్ల సర్వీసు. పాత బస్సుల్లో ఇంజను డ్రైవరు పక్కనే, రేకు మూత కింద ఉండేది. అన్నేళ్లు ఆ మోత పక్కన కూర్చుంటే ఎడం చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి కూడా పోయే దారిలోనే ఉంది. దగ్గరగా, ముఖం చూసి, గట్టిగా చెప్తే కొంత పట్టుకోగలడు.

"ఆవిడకి ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పనమ్మా? డాక్టరేమన్నాడు? గొంతు పెంచితే ఉన్నది కూడా పోతుందన్నాడు. నాకు వినిపించట్లేదని తెలిస్తే ఆవిడ ఊరుకుంటుందా? 'ఏమండీ' అని ఒకటికి పదిసార్లు గట్టిగా పిలుస్తుంది. ఆవిడకి మిగిలిందే కాస్త గొంతు. దాన్ని నా చెవుల్లో పోసి పోగొట్టుకోనిస్తానా?"

సౌండమ్మాయి పరికరం పక్కన పెట్టింది. "మరి రోజూ ఇక్కడికొచ్చి ఎందుకు కూర్చుంటారు?"

"ఆరింటికి ఆవిడ డ్యూటీ దిగాక ఇద్దరం కలిసి వెళ్తాం. అప్పటిదాకా ఆవిడ మాట్లాడుతుంటే చూస్తూ కూర్చుంటాను."

"ఇక్కణ్ణించి ఆవిడ కనిపించదు కదండీ!"

"ఆవిడ కనిపించదు, జనం కనిపిస్తారు," అన్నాడాయన. హాలు వైపు చెయ్యి చాపాడు. "చూడు. అందరూ ఒక్కసారి తలలెత్తారంటే ఆవిడ నోరు విప్పిందన్నమాట. రెండో ప్లాట్‌ఫారం వాళ్లు లేచారంటే రెండో నంబరు చెప్పింది. లేచినవాళ్లు మళ్లీ కూర్చున్నారంటే, బస్సు లేటని చెప్పింది. అదీ లెక్క. నాలుగైదు నెలలుగా ఇలాగే వింటున్నాను."

తనకి తెలియకుండానే "చెప్పను" అని మాటిచ్చేసింది సౌండమ్మాయి.

ఆ మాట మర్నాటికే గుదిబండై కూర్చుంది. మధ్యాహ్నం భోజనం వేళ పిన్నిగారు ఆమెని పైకి పిలిచి, తన డబ్బాలోంచి సగం పెట్టింది. తింటూ తింటూ ఉన్నట్టుండి అడిగింది.

"నీకు పెళ్లైందా అమ్మాయీ?"

"అయ్యింది పిన్నిగారూ."

"మీ ఆయన నీతో మాట్లాడతాడా?"

"ఆపమన్నా ఆపడు."

"అదృష్టవంతురాలివి." పిన్నిగారు డబ్బా మూత పెట్టి మళ్లీ తీసింది. "మా ఆయన కూడా అలాగే ఉండేవాడు. నా గొంతు విని వెంటపడ్డ మనిషి. ఆయన బస్సు నంబరు నేను చెప్పాకే ఇంజను స్టార్ట్ చేసేవాడు, అంతకుముందు చచ్చినా కదిలేవాడు కాదు. కండక్టర్లు ఏడిపించేవాళ్లు. ఇప్పుడేమో ఏం చెప్పినా సరే అంటాడు. నడుం నొప్పిగా ఉంది అంటే సరే. పక్కింట్లో దొంగలు పడ్డారట అంటే సరే. మొన్న కోపమొచ్చి, నేను మా అన్నయ్య వాళ్లింటికి వెళ్లిపోతున్నా, ఇక రాను అన్నాను. పేపరు మడిచి, నవ్వుతూ, సరే అన్నాడు."

సౌండమ్మాయికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రెండూ దిగమింగింది.

"నా గొంతు ఇలా జీరగా అయిపోయాక వినబుద్ధి కావట్లేదేమో ఆయనకి," అంది పిన్నిగారు మామూలుగా, బస్సు లేటని చెప్పినట్టే. "నిజమే కదా. నాకే వినబుద్ధి కాదు."

ఆ రాత్రి సౌండమ్మాయికి సరిగా నిద్రపట్టలేదు. ఇచ్చిన మాట ఒకపక్క, తలూపుతూ కూర్చున్న వాళ్ల నాన్న ముఖం ఒకపక్క.

ఐదో రోజు నాలుగింటికి ఆయన వచ్చి కూర్చోగానే తిన్నగా వెళ్లి ఆయన ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చుంది. కొలతల కాగితం తిరగేసి, పెన్సిలుతో పెద్ద అక్షరాల్లో రాసి ఆయన చేతికిచ్చింది. 'నేను మాట తప్పలేదు. కానీ పిన్నిగారు ఏమనుకుంటున్నారో మీకు తెలియాలి. గొంతు పాడైందని, ఇక తన మాట మీకు వినాలని లేదని అనుకుంటున్నారు. అన్నయ్య ఇంటికి వెళ్లిపోతానంటే మీరు సరే అన్నారట.'

ఆయన కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. మళ్లీ చదివాడు.

"అలా అందా?" అన్నాడు. "నేను... అంగడికి వెళ్లొస్తానంటోందేమో అనుకున్నాను."

గొడుగు బెంచీ మీదే వదిలేసి లేచాడు. జనాన్ని తప్పించుకుంటూ హాలు దాటాడు. ఇనుప మెట్ల కింద ఒక్క క్షణం ఆగి, చొక్కా సరిచేసుకుని, పైకి ఎక్కాడు. పదవీ విరమణ తరవాత ఆయన ఆ మెట్లు ఎక్కడం అదే మొదటిసారి.

సౌండమ్మాయి కిందే నిలబడింది. అద్దంలోంచి ఇద్దరూ కనిపిస్తున్నారు, మాటలు మాత్రం వినిపించవు. ఆయన ఏదో చెప్తున్నాడు, తన చెవి చూపించుకుంటున్నాడు. పిన్నిగారు కుర్చీలోంచి లేచింది. కూర్చుంది. మళ్లీ లేచి, బల్ల మీదున్న రిజిస్టరు తీసి ఆయన భుజం మీద ఒక్కటేసింది. తరవాత అదే భుజం పట్టుకుని అలాగే ఉండిపోయింది. నాలుగూ ఇరవై బస్సు అనౌన్స్‌మెంటు లేకుండానే వెళ్లిపోయింది.

కొంచెంసేపటికి స్పీకర్లు పలికాయి. హాలు కిక్కిరిసి ఉంది, పిల్లలు, సంచులు, హారన్లు. ఆ మొత్తం గోల మీదుగా, గొంతు ఏమాత్రం పెంచకుండా, పక్కన కూర్చుని చెప్పినట్టు వచ్చిందా మాట. "సౌండు చూసే అమ్మాయి ఎక్కడున్నా పైకి రావాలి. వెంటనే."

ఆఖరి బెంచీ మీదివాళ్లు కూడా తలలు తిప్పి ఆమె వైపు చూశారు. మిషను సరిగ్గా పనిచేస్తోందని ఆమెకి రూఢి అయింది అప్పుడే.

పైకి వెళ్లేసరికి పిన్నిగారి కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నీకు రెండు రోజులుగా తెలుసట!" అంది.

"మాటిచ్చాను పిన్నిగారూ."

"ఆయనకి మాటిచ్చింది, అన్నం నా డబ్బాలో తింది! చూశారా ఈ అమ్మాయి సంగతి?" అని మొగుడి వైపు తిరిగింది. ఆయన ఎప్పట్లాగే పెదవుల వైపు చూసి, "సరే" అనబోయి నాలిక్కరుచుకున్నాడు.

పిన్నిగారు ఒక్క క్షణం ఆయన్నే చూసి మెత్తబడిపోయింది. "ఇప్పుడెలా అమ్మాయీ? నేను గట్టిగా మాట్లాడకూడదు. ఈయనకి మెల్లగా మాట్లాడితే వినిపించదు. ఇక ఈ జన్మకి సైగలేనా మాకు?"

సౌండమ్మాయి బల్ల దగ్గరికి జరిగింది. హాలు స్పీకర్లకి వెళ్లే తీగని మీట నొక్కి ఆపింది. బల్ల మీదున్న హెడ్‌ఫోన్లు తీసి బాబాయిగారి తలకి పెట్టింది. శబ్దం బాగా తగ్గించి, ఎడం వైపు మాత్రం పూర్తిగా ఆపేసి, మైకుని పిన్నిగారి ముందుకి జరిపింది.

"మాట్లాడండి. మామూలుగానే."

"ఏం మాట్లాడను?"

ఆయన ముఖంలో ఏ కదలికా లేదు. సౌండమ్మాయి శబ్దం పెంచే మర ఒక గీత తిప్పింది. "ఏదైనా చెప్పండి పిన్నిగారూ."

"ఏం చెప్పాలి... పొద్దున పాలు విరిగిపోయాయండీ. మీతో చెప్పాను. సరే అన్నారు." ఇంకో గీత. "బాత్రూమ్‌లో కుళాయి కారుతోంది. పది రోజులైంది." ఇంకో గీత. "వినిపిస్తోందా మీకు? ఏమండీ..."

ఆయన చెయ్యి గబుక్కున లేచింది. హెడ్‌ఫోన్‌ని కుడి చెవికి అదిమిపట్టుకుని కళ్లు మూసుకున్నాడు. పిన్నిగారు మాట ఆపేసింది.

"ఆపకు," అన్నాడాయన.

"ఏం వినిపించింది?"

"ఏమండీ అన్నావు."

తరవాత ఆయన కళ్లు తెరిచి అన్నాడు. "బాగా అలిసిపోయినట్టుందే నీ గొంతు. ఇంతగా అలిసిపోయావని నాకు తెలియలేదు."

పిన్నిగారు మైకు దగ్గరగా వంగింది. అప్పుడామె ఏం చెప్పిందో సౌండమ్మాయి వినలేదు. మెట్ల మీదికి వచ్చేసి, తలుపు దగ్గరగా వేసి, చేతికి అంటిన మసి తుడుచుకుంటూ నిలబడింది. కింద మేనేజరు చేతులూపుతూ అడుగుతున్నాడు. "ఏమైందమ్మా? మిషను మళ్లీ చెడిందా?"

"లేదు సార్! ఐదు నిమిషాలు! చిన్న సర్దుబాటు!"

ఏడో రోజు మేనేజరు ఆరు ప్లాట్‌ఫారాలూ తిరిగి విన్నాడు. ఆరో ప్లాట్‌ఫారం రేకుల కింద కొత్తగా పెట్టిన స్పీకరు కింద నిలబడి రెండు బస్సులు వచ్చి వెళ్లేదాకా కదల్లేదు. తరవాత, రికార్డు గొంతు ఊసెత్తకుండా కాగితం మీద సంతకం పెట్టాడు. "బాగుంది. ఆవిడ ఇదివరకంటే మర్యాదగా మాట్లాడుతున్నట్టుంది," అన్నాడు. అరవడం మానేసిందని ఆయనకి తట్టలేదు.

అదే వారంలో బాబాయిగారికి చెవి పరీక్ష చేయించారు. సౌండమ్మాయి కూడా వెంట వెళ్లింది. కుడి చెవికి మిషను పనికొస్తుందని తేలింది. చిక్కుడు గింజంత ఉంది. దాన్ని పెట్టాక ఆ గదిలో డాక్టరు రాస్తున్న కలం చప్పుడు విని, "ఏంటది, ఎలుకా?" అని అడిగాడాయన.

మూడు నెలలకి మిషను చూసి వెళ్లడానికి సౌండమ్మాయి మళ్లీ ఆ బస్టాండుకి వచ్చింది. పెద్దగా సరిచేయాల్సిందేమీ లేకపోయింది. మైకు మీద దుమ్ము తుడిచి, సాయంత్రం శబ్దం తగ్గే వేగం కొంచెం పెంచింది. ఆరింటికి పిన్నిగారు ఆమెని వదల్లేదు. చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లింది.

రెండు గదుల ఇల్లు. వంటగదిలో బాబాయిగారు కూరలు తరుగుతున్నాడు. పిన్నిగారు గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని, ఆయనకి కుడి వైపున కూర్చుని, పేపరు చదివి వినిపిస్తోంది. ఆయన తనే చదువుకోగలడు. అయినా రోజూ ఆమే చదువుతుందట. డాక్టరు గొంతుకి మెల్లగా పని చెప్పమన్నాడట, అందుకని. మధ్యలో ఆయన అడ్డుపడుతున్నాడు. ఆ వార్త రాసినవాడికి బస్సుల గురించి ఏమీ తెలియదంటాడు. ఆమె కాదంటుంది. ఆయన కాదూ కూడదంటాడు. ఇద్దరూ చాలాసేపు, చాలా మెల్లగా పోట్లాడుకున్నారు.

"చెవి మిషను ఎలా ఉంది బాబాయిగారూ?" అని అడిగింది సౌండమ్మాయి.

"బాగానే ఉందమ్మా. కాకపోతే ఈ ఇంట్లో ఇన్ని చప్పుళ్లున్నాయని నాకిన్నాళ్లూ తెలీదు. ఫ్రిజ్జు మూలుగుతుంది. ఈవిడ నిద్రలో నాకు బస్సు నంబర్లు చెప్తుంది."

"అబద్ధం!"

"పదకొండో నంబరు, నిన్న," అన్నాడాయన. "అది లేటు."

భోజనానికి కూర్చున్నాక పిన్నిగారు ఆమెకి కొసరి కొసరి వడ్డించింది. వీధిలో ఎవరో స్కూటరు స్టార్ట్ చేయలేక తంటాలు పడుతున్నారు. సౌండమ్మాయి వాళ్లాయన గురించి, కొత్తగా ఒప్పుకున్న ఆసుపత్రి పని గురించి, నిచ్చెన మీదనుంచి జారిన సంగతి గురించి చెప్తూ తింది. మామూలుగా ఆమెది గట్టి గొంతు, ఆంప్లిఫయర్ల మధ్య పనిచేసే మనిషి కదా. ఆ పూట మాత్రం చాలా మెల్లగా మాట్లాడింది. ఇద్దరూ తినడం ఆపి, ముందుకి వంగి వింటున్నారు.